గాలికి బిల్లు కట్టేవాళ్ళు

(ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో రాజనీతిశాస్త్రం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందు ‘ది ఎక్స్‌పాన్స్’ అనే ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సీరియల్లోంచి ఒక సన్నివేశం చెబుతాను, తర్వాత విషయంలోకి వెళ్దాం.

సెరెస్ అనే గ్రహశకలం లోపల, సొరంగాల్లాంటి ఇరుకు సందుల్లో ఒక పోలీసు నడిచి వెళ్తుంటాడు. పేరు మిల్లర్. అక్కడ ఒక బిడ్డ దగ్గుతూ కనిపిస్తుంది. గాలి బాగాలేదు. గాలిని శుభ్రం చేసే ఫిల్టర్లు మార్చాల్సినవాడు మార్చలేదు, ఆ డబ్బు మిగుల్చుకున్నాడు. ఆ సంగతి మిల్లర్‌కు తెలుసు. చూసీ చూడనట్టు పోవడానికి లంచం తీసుకున్నది అతనే. కానీ ఆ దగ్గు అతన్ని వదల్లేదు. తర్వాత వెళ్ళి ఆ మనిషిని ఎయిర్‌లాక్‌లోకి తోసి తలుపు మూసేస్తాడు. లోపల ఊపిరి ఉంటుంది, బయట శూన్యం ఉంటుంది, ఆ రెంటికీ మధ్య ఉండే చిన్న గది ఎయిర్‌లాక్. అందులోంచి గాలి కొంచెం కొంచెంగా తీసేస్తాడు. లోపలివాడు గిలగిల్లాడిపోతాడు. ఫిల్టర్లు మార్చాలని వాడికి అర్థమయ్యాకే మళ్ళీ గాలి వదులుతాడు.

‘ది ఎక్స్‌పాన్స్’ సీరియల్ ఆరు సీజన్ల రాజకీయం మొత్తం నాకు ఆ చిన్న గదిలోనే కనిపిస్తుంది. ఆ గాలిని వదిలే వాల్వు ఎవరి చేతిలో ఉంది? ఆ చేయి ఎవరికి జవాబు చెప్పాలి? చట్టం చేయాల్సిన పనిని లంచం తిన్న పోలీసు కడుపులో దేవినట్టయి, అదీ హింసతో చేస్తే, దాన్ని న్యాయం అనొచ్చా? నేను చాలా ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. అధికారం అంటే ఏమిటో చెప్పడానికి ఇంత సూటి ఉదాహరణ నాకు దొరకలేదు.

చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఈ సీరియల్ అమెరికాలో సైఫై చానల్లో 2015 డిసెంబరులో మొదలైంది. 2022 జనవరిలో అమెజాన్ ప్రైమ్‌లో ముగిసింది. మొత్తం 62 ఎపిసోడ్లు. డేనియల్ ఏబ్రహాం, టై ఫ్రాంక్ అనే ఇద్దరు జేమ్స్ ఎస్. ఎ. కోరీ అన్న ఒకే పేరుతో రాసిన తొమ్మిది నవలలు దీనికి మూలం. కథ కొన్ని వందల ఏళ్ళ తర్వాత జరుగుతుంది. భూమి ఐక్యరాజ్యసమితి పాలనలో ఉంటుంది. అంగారకుడు విడిపోయి సొంత సైన్యంతో స్వతంత్ర దేశమైపోయాడు. ఈ రెండు పెద్ద ఇళ్ళకూ అవతల గ్రహశకలాల వలయం ఉంది, దాన్ని బెల్టు అంటారు. అక్కడ పుట్టి, అక్కడే గనుల్లో, రేవుల్లో, ఓడల్లో పనిచేసేవాళ్ళు బెల్టర్లు. వాళ్ళు తవ్వే లోహం, మోసే మంచు ఈ రెండు గ్రహాలకు కావాలి. వాళ్ళు మాత్రం పీల్చే గాలికీ తాగే నీటికీ లెక్క కట్టించుకుని బతకాలి.

నాకు ఈ కథ ఎందుకు అంతగా పట్టిందో చెప్పాలి. మా నాన్న కొత్తగూడెం వైపు బొగ్గు బాయిలో పనిచేశాడు. భూమి లోపల పని. మా చిన్నప్పుడు ఆయన చెప్పిన ఒక మాట నాకు బాగా గుర్తు. బాయిలో గాలి ఆగితే ముక్కుకు తెలియదట, ముందు చెవికి తెలుస్తుందట. పైన తిరిగే పెద్ద ఫ్యాను చప్పుడూ, గాలి లాగుతున్న సవ్వడీ రోజంతా వినీ వినీ మరిచిపోతారు. అది ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దానికి ఒక్కసారిగా అందరూ తలలెత్తుతారు. ఒక రాత్రి షిఫ్టులో అలా ఆగింది. తట్టలు, చెమ్మస్సులు ఎక్కడివక్కడ వదిలేసి చీకట్లో నడిచి బయటికొచ్చారు. ఎవరికీ ఏం కాలేదు. ఎందుకు ఆగిందని అడిగినవాళ్ళకు మాత్రం జవాబు రాలేదు. ఎవరి నిర్లక్ష్యమో ఇప్పుడు తవ్వను. కానీ మిల్లర్ కథలో ఆ దగ్గు వినగానే నాకు ఆ నిశ్శబ్దం వినిపించింది.

సరే, సెరెస్ దగ్గరికి వద్దాం. సెరెస్ నిజంగానే ఉంది. 1801లో పియాజీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. బెల్టులో అన్నిటికంటే పెద్దది అదే. ఈ సీరియల్ మొదలైన 2015లోనే, మార్చి నెలలో, నాసా పంపిన డాన్ నౌక దాని కక్ష్యలోకి చేరింది. అక్కడ మంచు ఉందని చూపించింది. సీరియల్ మొదటి ఎపిసోడ్లో వీధిలో ఒకడు నిలబడి ప్రసంగం చేస్తుంటాడు. ఈ నేల ఒకప్పుడు మంచుతో నిండి ఉండేది, వెయ్యి తరాలకు సరిపోయే నీళ్ళు ఉండేవి, భూమివాళ్ళూ అంగారకులూ అదంతా తోడుకుపోయారు అని చెబుతాడు. ఇప్పుడు అదే సెరెస్‌కు శని వలయాల నుంచి మంచు గడ్డలు మోసుకొస్తే తప్ప గొంతు తడవదు. కథలో మొదట పేలిపోయే ఓడ కాంటర్‌బరీ అలాంటి మంచు మోసే ఓడే. యుద్ధనౌకతోనో రాజమందిరంతోనో కథ మొదలుపెట్టి ఉండొచ్చు. నీళ్ళ ట్యాంకరుతో మొదలుపెట్టారు. అక్కడే ఈ రచయితలు ఎవరి పక్కన నిలబడ్డారో తెలిసిపోయింది.

ఇంకో చిన్న వివరం. సెరెస్‌కు ఆకర్షణ తక్కువ, అందుకని కథలో దాన్ని గిర్రున తిప్పి ఆ తిరుగుడుతో బరువు పుట్టించారు. అలా తిరిగే చోట పై నుంచి పోసిన ద్రవం తిన్నగా పడదు, పక్కకు వంగుతుంది. మిల్లర్ గ్లాసులో మందు పోసుకుంటే ధార వంకరగా వెళ్ళి పడుతుంది. ఒక చిన్న పక్షి తాపీగా, ఎప్పుడో ఒకసారి రెక్క ఆడిస్తూ గాల్లో నిలబడుతుంది. ఎవరూ ఆగి వివరించరు. ఈ సీరియల్‌ను నడిపించిన నరేన్ శంకర్ భారతీయ మూలాలున్న మనిషి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్, ఇంజినీరింగ్ చదివి డాక్టరేట్ చేసి ఆ తర్వాత రచనలోకి వచ్చాడు. ఆ శ్రద్ధ తెరమీద కనిపిస్తుంది. ఇది సైన్సు ముచ్చట మాత్రమే కాదు. ఇలాంటి చోట పుట్టి పెరిగిన మనిషి ఎముక సన్నబడుతుంది, ఒళ్ళు పొడవుగా సాగుతుంది. ఆ మనిషి భూమ్మీదకు వస్తే తన బరువే తనను నలిపేస్తుంది. పుట్టిన చోటే వాళ్ళ ఒంటి మీద సరిహద్దు గీసేసిందన్నమాట. పాస్‌పోర్టు అక్కర్లేదు, వెన్నెముక చాలు.

వాళ్ళ భాష గురించి చెప్పకుండా ఉండలేను. నిక్ ఫార్మర్ అనే భాషావేత్త సీరియల్ కోసం బెల్టర్ల భాషను తయారుచేశాడు. రకరకాల దేశాల కూలీలు ఒకచోట చేరి పని చేసుకుంటే పుట్టే కలగాపులగం భాష అది. అన్నను, తమ్ముణ్ణి ‘బెరాట్నా’ అంటారు. మేస్త్రీని, ఓడ పెద్దను ‘బోస్‌మాంగ్’ అంటారు. తెలిసిందా అనడానికి ‘ససా కే’. మాట్లాడేటప్పుడు చేతులు ఎక్కువగా ఆడిస్తారు. అంతరిక్ష సూట్లో ఉన్నవాడు తల ఊపితే ఎదుటివాడికి కనిపించదు కదా, అందుకని అవునూ కాదూ అన్నీ చేతికి వచ్చాయి. పని నుంచి పుట్టిన సైగలు ఇవి. తమను తాము పిలుచుకునే మాట ‘బెల్టాలౌడా’. ఇంగ్లీషులో దీన్ని ఎలా చెప్పినా ఒక రుచి పోతుంది. మనకు ఆ కష్టం లేదు, మన దగ్గర మేము అన్న మాట వేరు, మనం అన్న మాట వేరు. డ్రమ్మర్ అనే బెల్టర్ నాయకురాలు తన జనం ముందు నిలబడి బెల్టాలౌడా అన్నప్పుడు నా చెవికి అది మేము అని వినిపించదు, మనం అని వినిపిస్తుంది.

ఇప్పుడు మన ఇంటిపేరు సంగతి. చూసినవాళ్ళు ఎదురుచూస్తున్నారని తెలుసు.

భూమి తరఫున రాజకీయం నడిపే ముసలావిడ పేరు క్రిస్జెన్ అవసరాల. అవసరాల మన తెలుగు ఇంటిపేరు. వయొలిన్ విద్వాంసురాలు కన్యాకుమారి గారి ఇంటిపేరు అదే, నటుడు శ్రీనివాస్ గారిదీ అదే. ఆ పాత్ర వేసిన షోరే అగ్దష్లూ ఇరాన్‌లో పుట్టి 1979లో ఆ దేశం వదిలి వచ్చిన నటి. చీరకట్టును తలపించే పట్టు బట్టలు, నిండా నగలు, గరగరలాడే గొంతు. ఆ పేరు విని, ఆ మనిషిని చూసి మొదట నాకు చాలా గర్వంగా అనిపించింది.

మొదటి ఎపిసోడ్లోనే ఆవిడ మనవడితో ఆడుకుంటుంది. అక్కడి నుంచి లేచి పనికి వెళ్తుంది. ఆవిడ పని ఏమిటో తర్వాత చూస్తాం. ఒక బెల్టరు కుర్రాణ్ణి పట్టుకొచ్చి, నిలబడే శక్తి లేని ఆ సన్నటి ఒంటిని కొక్కేలకు తగిలించారు. ఎవరూ కొట్టరు. కత్తి లేదు, కరెంటు లేదు. భూమి గురుత్వాకర్షణే చిత్రహింస. మనం రోజూ హాయిగా నడిచే నేల అతని ఊపిరి తీస్తుంటుంది. ఆవిడ ఎదురుగా నిలబడి ప్రశ్నలు అడుగుతుంది.

నేను అక్కడ సీరియల్ ఆపేశాను. ఆ రోజు ఇంక చూడలేకపోయాను. మనం నిలబడ్డ నేలే ఇంకొకరికి చిత్రహింస కావచ్చన్న ఆలోచన నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆవిడ దుర్మార్గురాలు కాదు. తర్వాత సీజన్లలో యుద్ధం ఆపడానికి తన ప్రాణం పణంగా పెడుతుంది. కొడుకు పోయిన తల్లి. అయినా ఆ కొక్కేల ముందు నిలబడగలిగింది, ఎందుకంటే ఆవిడ దృష్టిలో అది అవసరం. మన భాషలో రాజ్యావసరం అని ఒక మాట ఉంది. పాలించేవాడు చేసిన ఏ పనికైనా ఆ మాట దుప్పటిలా కప్పేయవచ్చు. రచయితలకు తెలుగు అర్థం తెలిసి పెట్టారని నేను అనడం లేదు. కానీ తెలుగు తెలిసిన మనకు మాత్రం ఆ పేరు విన్న ప్రతిసారీ ఆ దుప్పటి గుర్తుకు రావాలి.

భూమి గురించి, అంగారకుడి గురించి త్వరగా చెప్పేస్తాను. భూమ్మీద చాలామందికి పని లేదు. బేసిక్ అనే పేరుతో ప్రభుత్వం తిండీ గూడూ ఇస్తుంది. రెండో సీజన్లో బాబీ అనే అంగారక సైనికురాలు న్యూయార్కులో సముద్రం చూడాలని దారి వెతుక్కుంటూ వెళ్ళి అలాంటివాళ్ళ మధ్య పడుతుంది. వైద్యం పని నేర్చుకోవాలని చిన్న వయసులో పేరు నమోదు చేసుకుని, దశాబ్దాలుగా తన వంతు కోసం చూస్తున్న ఒకాయన తగులుతాడు. భూమివాళ్ళంతా సుఖపడుతున్నారని నమ్మి పెరిగిన అమ్మాయి ఆవిడ. ఆ ముఖం చూడాలి మీరు. అంగారకుడిది ఇంకో విషాదం. ఎర్ర నేలను పచ్చగా మార్చాలని తరాల తరబడి కడుపు కట్టుకుని పనిచేసిన జాతి. అంతలో దూరపు నక్షత్రాలకు దారులు తెరుచుకున్నాయి, ఊపిరి పీల్చుకోగల లోకాలు వెయ్యికి పైగా దొరికాయి. ఇంక ఎవరు ఈ ఎర్ర మట్టి కోసం వందేళ్ళు ఆగుతారు? కల పోయాక దేశానికి ఏమవుతుందో నాలుగో సీజన్లో చూపించారు. సైనికులు ఆయుధాలు దొంగచాటుగా అమ్ముకుంటారు.

అదే సీజన్లో ఇలస్ అనే కొత్త లోకం ఉంది. గురుగ్రహం చుట్టూ తిరిగే గానిమీడ్ మీది కాలనీ నాశనమయ్యాక ఏ రేవూ రానివ్వని బెల్టరు కాందిశీకులు అక్కడ దిగి, ఇళ్ళు వేసుకుని లిథియం తవ్వుకుంటుంటారు. ఆ తర్వాత ఒక భూలోక కంపెనీ ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కాగితం పట్టుకుని వస్తుంది. వాళ్ళ చేతిలో పట్టా ఉంది, వీళ్ళ చేతిలో మట్టి ఉంది. పోడు చేసుకున్న కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు ఈ సీజన్ మీద నా క్లాసులో మాట్లాడిన తీరు నేను మరిచిపోలేను. వాళ్ళకు నేను వివరించాల్సింది ఏమీ లేకపోయింది. వాళ్ళే నాకు చెప్పారు.

ఇక మార్కో ఇనారోస్. అయిదో సీజన్లో భూమ్మీదకు గ్రహశకలాలు విసిరినవాడు. లక్షల మంది చచ్చిపోతారు. అందగాడు, మాటకారి. బెల్టుకు జరిగిన అన్యాయాల జాబితా అతని నోటి నుంచి వింటుంటే ఒక్కటీ అబద్ధం కాదు. నిజాలన్నీ పేర్చి ఒక ఘోరానికి మెట్లు కట్టుకున్నాడు. ఒక అమ్మాయి లేచి అడిగింది, మేడమ్, మార్కో చేసింది తప్పే, మరి అడిగింది కూడా తప్పేనా అని. ఆ ప్రశ్న మీద రెండు పీరియడ్లు గడిచాయి. నా జవాబు నేను చెప్పాను. అడిగింది తప్పు కాదు. కానీ అతను సెరెస్‌ను వదిలి పారిపోయేటప్పుడు ఏం చేశాడో చూడండి. గోదాముల్లో ఉన్న తిండంతా ఊడ్చుకుపోయాడు, ఆకలితో ఉన్న తన జనాన్ని శత్రువు మెడకు కట్టాడు. ఫిల్టర్లు మార్చనివాడికీ అతనికీ తేడా ఎక్కడుంది? వాల్వు చేతికి రాగానే వాడూ లెక్క వేసుకున్నాడు.

మార్కోకు ఒక కొడుకు, ఫిలిప్. తల్లి నయోమి నగాటా నుంచి విడదీసి పెంచాడు, కుర్రవాడి చేత రక్తం చిందించాడు. చివర్లో ఫిలిప్ తండ్రి ఓడ దిగిపోతాడు. పని కోసం ఇంకో చోట పేరు చెప్పాల్సి వస్తుంది. ఫిలిప్ నగాటా అంటాడు. తల్లికి ఆ సంగతి తెలియదు, కొడుకు చచ్చిపోయాడనే అనుకుంటుంది. ఇంటిపేరు మార్చుకోవడం మన దగ్గర ఎంత పెద్ద విషయమో మీకు తెలుసు. తండ్రి పేరు మీద వచ్చిన కీర్తిని, పాపాన్ని రెంటినీ అక్కడ దించేసి వెళ్ళాడు వాడు. 62 ఎపిసోడ్లలో నాకు కళ్ళనీళ్ళు తెప్పించింది ఆ రెండు మాటలే.

ఇప్పుడు అభిమానుల సంగతి. ఇది కూడా రాజకీయమే.

2018 మే 11న సైఫై చానల్ ఈ సీరియల్‌ను ఆపేస్తున్నట్టు వార్త వచ్చింది. మూడో సీజన్ ప్రసారం ఇంకా నడుస్తోంది. కారణం వ్యాపారం. ఆ చానల్ చేతిలో ఉన్నది అమెరికాలో టీవీలో మొదటిసారి చూపించే హక్కు మాత్రమే. ఆ వేళకు టీవీ ముందు కూర్చున్నవాళ్ళ సంఖ్యే వాళ్ళకు ఆదాయం. తర్వాత ఆన్‌లైన్లో ఎంతమంది చూసినా వాళ్ళకు ఒరిగేది లేదు. మన దగ్గర అప్పట్లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చేది, నేను అక్కడే చూశాను. అంటే నాలాంటివాళ్ళు లెక్కలోనే లేరు.

అభిమానులు ఊరుకోలేదు. అర్జీ పెడితే లక్షకు పైగా సంతకాలు వచ్చాయి, అందులో ఒకటి నాది. చందాలు వేసుకుని చిన్న విమానం అద్దెకు తీసుకున్నారు. సీరియల్‌ను కాపాడండి అన్న బ్యానరు దాని తోకకు కట్టి, కాలిఫోర్నియాలో శాంటా మోనికాలో ఉన్న అమెజాన్ స్టూడియో మీద చక్కర్లు కొట్టించారు. కథలోని ఓడ రోసినాంటే బొమ్మను బెలూనుకు కట్టి ఆకాశం అంచుకు పంపినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళు తమకు పెట్టుకున్న పేరు స్క్రీమింగ్ ఫైర్‌హాక్స్. కథలో ఓడకు పేరు పెట్టేటప్పుడు ఒకరు చెబితే వద్దనుకున్న పేరు అది. ఎవరూ వద్దనుకున్న పేరును ఎత్తుకుని తమ జెండా చేసుకున్నారు.

అదే నెల 25న లాస్ ఏంజెలస్‌లో నేషనల్ స్పేస్ సొసైటీ సదస్సు జరుగుతోంది. మనుషులు అంతరిక్షంలో స్థిరపడాలని కృషి చేసేవాళ్ళకు జెరార్డ్ ఓనీల్ పేరు మీద ఇచ్చే పురస్కారం అందుకోవడానికి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ వచ్చాడు. సీరియల్ బృందం వాళ్ళు ఆ హాల్లోనే ఉన్నారు. వేదిక మీద నుంచి ఆయన, ఈ సీరియల్ బతికింది అని ప్రకటించాడు. హాలంతా లేచి చప్పట్లు, కేకలు. ఆ వీడియో చూసి నేనూ ఇంట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం ఒకవైపు, ఇంకేదో ఒకవైపు. ఆయన 2000లో పెట్టిన బ్లూ ఆరిజిన్ కంపెనీ లక్ష్యం ఏమిటో తెలుసా? లక్షలమంది అంతరిక్షంలో బతుకుతూ పనిచేసే రోజు తేవడం. మనం చూస్తున్న కథ అడుగుతున్నది సరిగ్గా అదే. అలా పనిచేసేవాళ్ళకు గాలి ఎవరిస్తారు, ఎంతకిస్తారు, ఫిల్టరు పాడైతే ఎవరిని నిలదీయాలి? ఆ ప్రశ్న బతకాలని మనం ఎవరి తలుపు తట్టామో చూడండి. వాల్వు ఆయన చేతిలో ఉంది. ఆయనకు కథ నచ్చింది, తిప్పాడు. నచ్చకపోయి ఉంటే? నేను అభిమానులను తప్పు పట్టడం లేదు. ఆ విమానం ఎగరకపోతే నాలుగో సీజన్ లేదు, ఫిలిప్ నగాటా అన్న మాట లేదు. సంఘంగా నిలబడి అడగడం గొప్ప పని. కానీ అర్జీ పెట్టుకోవడం వేరు, హక్కు ఉండడం వేరు. బెల్టరుకు తెలిసిన ఈ తేడా ఆ మే నెలలో అభిమానులకూ తెలిసొచ్చిందని నా నమ్మకం.

ఈ ముడే చివరి ఎపిసోడ్లోనూ పడింది. యుద్ధం అయిపోయింది. అవసరాల, అంగారకులు, డ్రమ్మర్ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. కొత్త లోకాలకు దారులు తెరుచుకున్నాయి, నేల మీద నిలబడగలవాళ్ళంతా వెళ్ళిపోతారు. ఆ నేల మీద నిలబడలేని బెల్టరు ఏం కావాలి? దానికి దొరికిన జవాబు రవాణా సంఘం. ఆ దారుల్లో రాకపోకలన్నీ ఆ సంఘం చేతిలో ఉండాలి, ఓడలు నడిపేది బెల్టర్లు కావాలి. మొదటిసారి వాల్వు వాళ్ళ చేతికి వస్తోంది. కానీ అధ్యక్ష స్థానంలో బెల్టరును కూర్చోబెట్టడానికి మిగతావాళ్ళు ఒప్పుకోరు. అందుకని భూమి మనిషి, కథానాయకుడు హోల్డెన్‌ను కూర్చోబెడతారు. అతను పదవి తీసుకున్న వెంటనే రాజీనామా చేసి కుర్చీని డ్రమ్మర్‌కు అప్పగిస్తాడు. అవసరాలకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ సన్నివేశం చూసి చాలామంది కేరింతలు కొట్టారు. నాకు మాత్రం ఇప్పటికీ సగమే మింగుడుపడుతుంది. కుర్చీ సరైన మనిషికే వెళ్ళింది. అయితే ఇచ్చింది ఎవరు? మళ్ళీ ఒక భూమి మనిషి, తన మంచితనం కొద్దీ. హోల్డెన్ మంచివాడు కాబట్టి సరిపోయింది. వందల ఏళ్ళ పోరాటం ఒక మంచివాడి మనసు మీద ఆధారపడకూడదు. రచయితలకూ ఈ సంగతి తెలుసనుకుంటాను. ఎందుకంటే తర్వాతి మూడు నవలలు ఇక్కడి నుంచే నడుస్తాయి.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఎవరైనా అడగాలంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేడమ్, ఆ మూడు నవలలు కూడా సీరియల్‌గా వస్తాయా? వస్తాయని మీకు ఆశ ఉందా?)

ఆశ ఉంది బాబూ. చాలా ఉంది. ఆరో సీజన్‌కు ఆరు ఎపిసోడ్లే ఇచ్చారు, అప్పుడే అభిమానులకు గుండె జారింది. అయినా ఆ ఆరింటిలోనే లకోనియా అనే దూర లోకం కథ కొంచెం కొంచెం చూపించారు. ముందు కథకు విత్తనం వేసి పెట్టారు కాబట్టే అందరూ ఎదురుచూస్తున్నారు. నవలల్లో ఏడో పుస్తకం సుమారు ముప్పై ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. అందుకే చాలామంది, నటీనటులు నిజంగానే వయసు మీద పడి తిరిగివస్తే బాగుంటుందని ఆశపడుతున్నారు. నాకైతే ఆ మూడు భాగాలు తెరమీద చూడాలని ఉండడానికి వేరే కారణం ఉంది. అంగారకుడి నుంచి ఓడలు ఎత్తుకుపోయిన ఒక సైన్యాధికారి లకోనియాలో సామ్రాజ్యం కడతాడు. మార్కోలాగా అరవడు. అంతా పద్ధతిగా, శుభ్రంగా, వేళకు జరుగుతుంది. గాలి అందరికీ అందుతుంది, ఎదురు మాత్రం మాట్లాడకూడదు. గాలి సరిగ్గా అందించే నియంతను ఏ మాట అని ఎదిరించాలి? ఇంతవరకూ చూసిన కథ కంటే కష్టమైన ప్రశ్న అది. మీ తరం ఆ ప్రశ్న మీద కొట్లాడుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని వినాలి.

(మరో విద్యార్థిని: మేడమ్, మీ నాన్నగారు ఈ సీరియల్ చూశారా?)

మొదటి ఎపిసోడ్ చూపించానమ్మా. ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు, నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను. అంతరిక్షం, ఓడలు వచ్చినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఫిల్టర్ల దగ్గరికి రాగానే మాత్రం ముందుకు జరిగి కూర్చున్నాడు. గాలి పంకా చూసేటోడు ఎవరని అడిగాడు. వాడి పేరు బోర్డు మీద రాసిపెట్టరా, షిఫ్టు మారినప్పుడు సంతకం ఉండదా అని అడిగాడు. ఎయిర్‌లాక్ సంగతి చూసి ఏమీ అనలేదు, లేచి వెళ్ళి పడుకున్నాడు.

పొద్దున చాయ్ తాగుతూ అడిగాడు, ఆ బిడ్డకు దగ్గు తగ్గిందా అని.

కథ అక్కడి నుంచి వేరే దారిలో పోయింది నాన్నా, అని చెప్పాను.